ఒకటి పాయింట్ మూడు

అమన్ చెయ్యి చేసుకుంటాడని అన్వరీ అనుకోలేదు. చెంప చెళ్ళుమన్నాక కూడా ఒక్క క్షణం నమ్మలేకపోయింది. మరుక్షణం బల్ల మీదున్న కీబోర్డు అందుకుని తమ్ముడి మొహాన ఒక్కటిచ్చింది. మీటలు ఊడి నేలంతా చెల్లాచెదురయ్యాయి. అమన్ పై పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

"ఇంకోసారి చెయ్యెత్తి చూడు, విరిచేస్తాను," అంది రొప్పుతూ.

ముందు గదిలో మోటారుకు రాగితీగ చుడుతున్న రహ్మాన్ ఆ చప్పుడికి పరుగున వచ్చాడు. పెళ్ళీడు దాటిపోతున్న కూతురు, ఉద్యోగం చెయ్యాల్సిన కొడుకు వీధి రౌడీల్లా ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"సిగ్గు లేదా మీకు? దేని గురించిరా ఈ కొట్లాట?"

"మీ అమ్మాయినే అడగండి అబ్బా," అమన్ చొక్కా చేత్తో రక్తం తుడుచుకున్నాడు. "నేను రాసినదాన్ని బయటికి రానివ్వదంట. రెండేళ్ళ నుంచీ కళ్ళు పోయేలా రాశాను."

"రానివ్వనని ఎవరన్నారు? ప్రయోగం అని పేరు పెట్టి ఇస్తానన్నాను. స్టేబుల్ అని మాత్రం పెట్టను. ఏం చేసినా పెట్టను," అంది అన్వరీ.

రహ్మాన్‌కి ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ తన ఇంట్లో మొదటిసారి ఒకరి మీద ఒకరు చెయ్యెత్తుకున్నారన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు.

ఆయన షాపు పటమటలో, ఇంటి ముందు గదిలోనే. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇస్తాడు. భార్య పోయాక ఆ చేతుల కష్టంతోనే పిల్లలిద్దర్నీ చదివించాడు. డెల్టాలో రొయ్యల చెరువులు పెరిగాక, చెరువు నీళ్ళను చిలికే ఏరేటర్ల మోటార్లు కూడా ఆయన దగ్గరికే రావడం మొదలుపెట్టాయి. ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. కరెంటు పోయిన కాసేపట్లో జనరేటర్ వెయ్యకపోతే నెలల తరబడి మేపిన టైగర్ రొయ్య అంతా చస్తుంది. అందుకని గట్టు మీద ఎవరో ఒకరు కళ్ళు తెరుచుకుని ఉండాల్సిందే.

ముదినేపల్లి అవతల చెరువులు కౌలుకు చేసే మరియదాసు, కాపలావాడు కునుకు తీసిన పాపానికి ఒక ఏడు సగం పంట పోగొట్టుకున్నాడు. మోటార్లు బాగుచేయించుకోడానికి వచ్చి ఆ గోడు చెప్పుకుంటుంటే అమన్ విన్నాడు. ఒక పాత కంప్యూటర్ మీద చిన్న ప్రోగ్రాం రాశాడు. దానికి 'నీటికాపు' అని పేరు పెట్టాడు. కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయిందని తెలియగానే ఆ ప్రోగ్రామే జనరేటర్‌ను స్టార్ట్ చేస్తుంది. కంప్యూటర్‌కీ జనరేటర్‌కీ మధ్య ఉండే స్విచ్చుల పెట్టెను రహ్మాన్ చేశాడు. అది చక్కగా పనిచేసింది. ఆ నోటా ఈ నోటా పాకి, హనుమాన్ జంక్షన్‌లో మేతా, ఏరేటర్లూ, జనరేటర్లూ అమ్మే పుల్లయ్య దాకా వెళ్ళింది. జనరేటర్‌తో పాటు కంప్యూటరూ పెట్టే కలిపి ఆయన రైతులకు అమ్మడం మొదలుపెట్టాడు.

అన్వరీ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. మిగిలిన సమయంలో ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కి పనిచేసేది. దేశదేశాల వాళ్ళు రాసిన వేల ప్రోగ్రాములను ఒక్కచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా ప్యాకేజీలు కట్టి, డిస్కుల మీద లోకానికి ఉచితంగా ఇవ్వడం ఆ బృందం పని. నీటికాపును అందులో చేర్చింది ఆమే. తమ్ముడు రాసేవాడు. ఆమె ప్యాకేజీ కట్టి, పరీక్షించి, సంతకం పెట్టేది. అది కంప్యూటర్ సంతకం. ఆమె ఒక్కదానికే తెలిసిన పాస్‌వర్డ్ కొడితేనే పడుతుంది. చెరువుగట్ల మీది కంప్యూటర్లను అమర్చింది కూడా ఆమే కనుక, ఆ సంతకం లేని డిస్కును అవి ముట్టుకోకుండా చేసింది.

ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ప్రోగ్రామూ రెండు దారుల్లో నడుస్తుంది. నిలదొక్కుకున్నది స్టేబుల్. దాన్ని తప్పులు దిద్దడానికి తప్ప ఎవరూ కదిలించరు. ఇంకా చేతుల మీద ఉన్నది డెవలప్‌మెంట్. అది రోజూ మారుతుంది, సరదా ఉన్నవాళ్ళు తెలిసి వాడుకుంటారు. చుక్క తర్వాత సరిసంఖ్య ఉంటే మొదటిది, బేసిసంఖ్య ఉంటే రెండోది. చెరువుల దగ్గర నడుస్తున్నది ఒకటి పాయింట్ రెండు. అమన్ కొత్తగా రాసింది ఒకటి పాయింట్ మూడు.

అందులో ఒక గొప్ప సంగతి ఉంది. కరెంటు పోతే జనరేటర్ వెయ్యడమే కాదు, రైతు ఇంటికి ఫోను కూడా చేస్తుంది. పుల్లయ్య ఆ మాట వినగానే రైతులందరినీ పిలిచి మీటింగు పెట్టి, "ఇక మీరు ఇంట్లో హాయిగా పడుకోండి, చెరువే మిమ్మల్ని లేపుతుంది" అని చెప్పేశాడు.

అన్వరీ షాపులో జనరేటర్ బదులు బల్బు పెట్టి దాన్ని పరీక్షించింది. ఫోను లైను ఉన్నంతసేపూ బల్బు వెలిగింది. లైను పీకి చూసింది. వెలగలేదు. ప్రోగ్రాం ఫోను జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, జనరేటర్ సంగతి పట్టించుకోలేదు.

"గాలివానకి కరెంటుతో పాటు ఫోనూ పోతుంది కదరా," అంది తమ్ముడితో.

"వారంలో సరిచేస్తాను ఆపా. ఈలోగా డిస్కు వెళ్ళనీ. పుల్లయ్యగారు మాట ఇచ్చేశారు."

"సరిచేసి, ఒక పంట నడిపి చూశాక వెళ్ళనిస్తాను. కావాలంటే వేరే పేరుతో, ప్రయోగం అని రాసి పక్కన పెడతాను. పాతది అలాగే ఉంటుంది, కావాల్సినవాళ్ళు కొత్తది వేసుకుంటారు."

"ప్రయోగం అంటే ఎవడు కొంటాడు?"

ఆ మాట అమన్‌ది కాదు, పుల్లయ్యదని ఆమెకు తెలుసు. ఆ మాట మీదే గొడవ ముదిరి, చెంప దాకా, కీబోర్డు దాకా వచ్చింది.

*

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పుల్లయ్య జీపు షాపు ముందు ఆగింది. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, నవ్వు మొహం. వెనకాలే నాంచారయ్య దిగాడు. జంక్షన్‌లో లారీలు దింపించేవాడు, బాకీలు రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాడు అతనే.

"రహ్మాన్ భాయ్, బాగున్నావా?" అంటూ పుల్లయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మీ అమ్మాయిని ఒకసారి పిలవ్వయ్యా."

అన్వరీ వచ్చింది. వెనక అమన్ కూడా వచ్చాడు. పెదవి మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏంటమ్మాయ్, మీ తమ్ముడు అంత కష్టపడి చేస్తే నువ్వు సంతకం పెట్టనంటున్నావంట?"

"అందులో లోపం ఉందండీ. చెప్పాను కదండీ."

"లోపం లేనిది ఏముందమ్మా లోకంలో? జనరేటర్లు ఆగట్లా? మోటార్లు కాలట్లా? కాలబట్టే మీ నాన్న బతుకుతున్నాడు."

"మోటారు కాలితే మోటారు పోతుందండీ. ఇది ఆగితే చెరువు పోతుంది. స్టేబుల్ అని సంతకం పెట్టానంటే, మీరు పడుకోండి అని నేను వాళ్ళకి చెప్పినట్టు. చెప్పను."

పుల్లయ్య నవ్వు అలాగే ఉంది. వెనక్కి తిరక్కుండానే, "షట్టర్ దించరా," అన్నాడు.

షట్టర్ సగానికి దిగింది. నాంచారయ్య రహ్మాన్‌ని జబ్బ పట్టుకుని లేపి, మూల బల్లకు బిగించి ఉన్న వైస్ దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. ఇనప కడ్డీలు కోయడానికి బిగించి పట్టే దవడల పట్టు అది. రహ్మాన్‌కి ఏం జరుగుతోందో తెలిసేలోపే ఆయన కుడిచెయ్యి దవడల మధ్య ఉంది. నాంచారయ్య పిడి తిప్పాడు.

అమన్ ఒక్క అరుపు అరిచి ముందుకు ఉరికాడు. పుల్లయ్య కూర్చున్నచోట నుంచే కాలు అడ్డం పెట్టాడు. అమన్ బోర్లా పడ్డాడు. లేవబోతే పుల్లయ్య మెడ మీద చెప్పుకాలు వేసి నొక్కాడు.

"పెడతావా అమ్మాయ్?"

అన్వరీ నాంచారయ్య వీపు మీద పడి గుద్దింది, రక్కింది, చెవి కొరికింది. అతను మోచేత్తో ఒక్కటి పొడిచాడు. ఊపిరి ఆగిపోయి ఆమె గోడకి జారిపోయింది. పిడి ఇంకో చుట్టు తిరిగింది. రహ్మాన్ అరవలేదు. నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. కళ్ళు మాత్రం కూతురి వైపే ఉన్నాయి.

"పెడతాను," అంది అన్వరీ. "వదిలెయ్యండి. పెడతాను."

లోపలి గదిలోకి నడిచింది. పుల్లయ్య అమన్‌ని వదిలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు; పిడి నాంచారయ్య చేతిలోనే ఉండడంతో అమన్ మీదికి వెళ్ళలేదు. ఒకటి పాయింట్ మూడును పాత పేరుతోనే ప్యాకేజీ కట్టింది. మీటలు ఊడిన కీబోర్డు మీద పాస్‌వర్డ్ కొడుతుంటే రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి సంతకం పడింది. పుల్లయ్య తెచ్చిన ఖాళీ డిస్కు మీదికి ఎక్కించి ఇచ్చింది.

పుల్లయ్య డిస్కును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, "వదిలెయ్ రా," అన్నాడు.

నాంచారయ్య వదలబోతూ, ఏమనుకున్నాడో, పిడిని లోపలికి ఇంకొక్క చుట్టు తిప్పాడు. అప్పుడు విరిగాయి వేళ్ళు. ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు. రహ్మాన్ అప్పుడు అరిచాడు.

*

ఆస్పత్రిలో, మోటారులో చెయ్యి పడిందని రాయించాడు రహ్మాన్. "కేసు పెడితే అమన్‌ని బతకనివ్వరు. వద్దమ్మా," అన్నాడు. అన్వరీ ఇంటికి వచ్చి డిస్ట్రిబ్యూషన్ వాళ్ళకి ఉత్తరం రాసింది. 'నా చేత బలవంతంగా సంతకం పెట్టించారు. ఇకమీదట నా సంతకాన్ని నమ్మకండి. రద్దు చెయ్యండి' అని. ముక్కూ మొహం తెలియని ఆ మనుషులు వెంటనే నెట్ మీద దాన్ని ఆపేశారు. కానీ చెరువుగట్ల మీది కంప్యూటర్లకు నెట్ లేదు. వాటికి తెలిసింది డిస్కు ఒక్కటే. పుల్లయ్య అప్పటికే దానికి నకళ్ళు తీసి జీపులో పంచుతున్నాడు.

అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఎస్టీడీ బూత్‌లో కూర్చుని తెలిసిన రైతులందరికీ ఫోన్లు చేశారు. కొందరు వెంటనే పాత డిస్కు మళ్ళీ పెట్టుకున్నారు. కొందరు తిట్టి, తర్వాత పెట్టుకున్నారు. మరియదాసు ఫోను ఎంతసేపు చేసినా మోగలేదు. పక్కచెరువు రైతుకి చేస్తే, "దాసు లైను పనిచెయ్యక చాలా రోజులైందండీ. లైన్‌మ్యాన్ వస్తానంటున్నాడు, రావట్లా. డిస్కు నిన్ననే జీపువాళ్ళు వేసిపోయారు," అన్నాడు.

దాసుకి చెప్పమనేలోపే ఆ లైనూ తెగిపోయి, మళ్ళీ కలవలేదు. అన్వరీ రిసీవర్ పెట్టేసింది. "పద," అంది తమ్ముడితో.

తండ్రిని పక్కింటివాళ్ళకి అప్పగించి సాయంత్రం స్కూటర్ మీద బయల్దేరారు. అది మే నెల. రోజంతా నిప్పులు చెరిగి, సాయంత్రానికి ఆకాశం నల్లబడింది. గుడివాడ దాటకముందే గాలివాన అందుకుంది. రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. తుమ్మచెట్లు కూలి దారి మూసుకుపోయింది. స్కూటర్ నెట్టుకుంటూ, పొలాలకి అడ్డం పడుతూ, ఆగుతూ వెళ్ళి, మరియదాసు చెరువుల దగ్గరికి చేరేసరికి తెల్లారింది.

ఏరేటర్లు కదలడం లేదు. గట్టంతా నిశ్శబ్దంగా ఉంది. అంచున బారులు తీరి ఉన్న రొయ్యలు కొన్ని ఇంకా మీసాలు ఆడిస్తున్నాయి. మిగిలినవి నీళ్ళలో ఎర్రబడి వెల్లకిలా ఉన్నాయి. మరియదాసు భార్య శౌరమ్మ మొలలోతు నీళ్ళలో నిలబడి, వెదురుగడతో నీళ్ళని దబదబా బాదుతోంది. నీళ్ళు కదిలితే గాలి పడుతుందని ఆమె ఆశ. చీర ఒంటికి అంటుకుపోయింది. ఏడవడం లేదు. బాదుతూనే ఉంది.

షెడ్డులో కంప్యూటర్ వెలుగుతోంది. తెర మీద ఒకటే మాట. 'ఫోన్ చేస్తున్నాను.'

షెడ్డు వెనకనుంచి మరియదాసు వచ్చాడు. చేతులకు గ్రీజు. జనరేటర్‌ను చేత్తో తిప్పి స్టార్ట్ చెయ్యడానికి చాలాసేపు పెనుగులాడినట్టున్నాడు. అమన్‌ని చూసి ఆగాడు.

"ఇంట్లో పడుకోమన్నారు," అన్నాడు మామూలు గొంతుతో. "పడుకున్నాను."

అమన్ ఏదో చెప్పబోయాడు. మరియదాసు గట్టు మీదున్న ఏరేటర్ ఇనపకడ్డీ అందుకుని తల పక్కన కొట్టాడు. అమన్ చెవిలోంచి రక్తం చిమ్మింది. కూలిపోతున్నవాణ్ణి వదలకుండా భుజం మీద, వీపు మీద కొట్టాడు. కూలీలు నలుగురు పరుగెత్తుకొచ్చారు గానీ ఆపలేదు. వాళ్ళలో ఒకడు అమన్‌ని కాలితో తన్నాడు కూడా.

అన్వరీ నీళ్ళలోకి దూకి శౌరమ్మ చేతిలోని వెదురుగడ లాక్కుని, గట్టెక్కి మరియదాసు చేతుల మీద కొట్టింది. కడ్డీ జారి నీళ్ళలో పడింది. అతను ఆమె మీదికి తిరిగాడు. ఆమె గడ అతని గుండెకి ఆనించి నిలబడింది.

"వాణ్ణి కాదు, నన్ను కొట్టండి దాసుగారూ! ఆ డిస్కు మీద సంతకం నాది. అది ఆగిపోతుందని నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

"తెలిసి పెట్టావా?" అన్నాడు అతను. ఆ మాట అతనికి అర్థం కానట్టుంది.

"మా నాన్న చెయ్యి వైస్‌లో పెట్టి తిప్పారు. పుల్లయ్య, నాంచారయ్య. నేను పెట్టేదాకా తిప్పారు. పెట్టాక కూడా తిప్పారు."

మరియదాసు ఆమె చేతుల్లోంచి గడ తీసుకోబోయినవాడు అలాగే ఉండిపోయాడు. రహ్మాన్ సాయిబుని అతను చాలా ఏళ్ళుగా ఎరుగును. ఆయన చేతులని ఎరుగును. కిందపడి మూలుగుతున్న అమన్‌ని చూశాడు. చెరువుని చూశాడు. గొంతు పగిలిపోయేలా ఒక్కసారి అరిచాడు. గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"ట్రాక్టర్ తీయండ్రా," అన్నాడు.

శౌరమ్మ గట్టెక్కి వచ్చి అమన్ తలకి తన కొంగు చింపి కట్టింది. "నేను ఆస్పత్రికి తీసుకెళ్తాను. నువ్వు కూడా రామ్మా, వాళ్ళతో వెళ్ళకు," అంది అన్వరీతో.

అన్వరీ తమ్ముడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అతని మొహం తుడిచింది. అతను కళ్ళు తెరిచి చూశాడు. తర్వాత ఆమె లేచి, నీళ్ళలో పడిన ఇనపకడ్డీ వెతికి తీసి, ట్రాక్టర్ ట్రక్కు ఎక్కింది.

దారిలో ఇంకో ఇద్దరు రైతులు ఎక్కారు. వాళ్ళ చెరువులూ పోయాయి.

*

హనుమాన్ జంక్షన్‌లో అప్పుడే దుకాణాలు తెరుస్తున్నారు. పుల్లయ్య షాపు ముందు మేత బస్తాలు దింపుతున్నారు. ట్రాక్టర్ ఆగడం, మరియదాసు దూకడం చూసి హమాలీలు పక్కకి తప్పుకున్నారు. నాంచారయ్య మాత్రం లోపలినుంచి గడ్డపార పట్టుకుని వచ్చాడు.

మొదటి దెబ్బ అతనిదే. ముందున్న రైతు తల పగిలింది. అతను బస్తాల మీద పడి, లేవలేదు. నాంచారయ్య గడ్డపార రెండోసారి ఎత్తేసరికి అన్వరీ వెనకనుంచి మోకాళ్ళ మడతల మీద కడ్డీతో కొట్టింది. అతను ముందుకి కూలబడ్డాడు. గడ్డపార దొర్లి సైడు కాలవలో పడింది. ఆమె అతని మణికట్టు మీద కాలు వేసి తొక్కింది. కుడిచెయ్యి, అరచెయ్యి కిందికి, రోడ్డు మీద పరుచుకుని ఉంది.

"వద్దు," అన్నాడు నాంచారయ్య. "వద్దమ్మా."

కొట్టింది. అతని అరుపుకి రోడ్డు అవతల బస్సులో జనం లేచి నిలబడ్డారు. అప్పటితో ఆగచ్చు. చెయ్యి నుజ్జయిందని ఆమెకు కనిపిస్తూనే ఉంది. కడ్డీని మళ్ళీ ఎత్తి, గురి చూసి, రెండో దెబ్బ వేసింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. అక్కడే పక్కకి తిరిగి వాంతి చేసుకుంది.

ఆమె తల ఎత్తేసరికి పుల్లయ్య షాపులోంచి బయటికి వచ్చి పడ్డాడు. తెల్ల చొక్కా చిరిగి, పళ్ళు ఊడి, నోట్లోంచి రక్తం కారుతోంది. మరియదాసు అతన్ని జుట్టు పట్టి ఈడ్చాడు. మిగిలినవాళ్ళు డీజిల్ డబ్బా తెచ్చి మేత బస్తాల మీద కుమ్మరించి నిప్పు పెట్టారు. నల్లటి పొగ షాపు బోర్డుని కప్పేసింది. మరియదాసు కింద పడిన కాటా రాయి రెండు చేతులా ఎత్తాడు.

వెనక ఇంట్లోంచి పుల్లయ్య భార్య శివపార్వతి పరుగెత్తుకొచ్చి మొగుడి మీద అడ్డం పడింది. రెండు చేతులూ అతని తల చుట్టూ వేసి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

రాయి అలాగే గాలిలో ఉంది. అన్వరీ దగ్గరికి వెళ్ళింది.

"దించండి దాసుగారూ. శౌరమ్మగారు ఇంకా మొలలోతు నీళ్ళలోనే ఉన్నట్టుంది నా కళ్ళకి. మీరు కూడా జైలుకి పోతే ఆవిడ ఒక్కతే అయిపోతుంది."

అతను రాయిని పక్కకి విసిరేసి రోడ్డు మీద కూలబడ్డాడు. పోలీసు జీపు వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

*

కేసులు రెండు వైపులా పడ్డాయి. తల పగిలిన రైతు బతికాడు గానీ మాట తడబడేది. అన్వరీని, మరియదాసుని రిమాండుకి పంపి, తర్వాత బెయిల్ ఇచ్చారు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆమెని ఇక రావద్దన్నారు. రహ్మాన్ చేతికి కట్టు విప్పాక రెండు వేళ్ళు మడతపడలేదు. తీగ చుట్టడం ఆగిపోయింది. షాపులో ఇంకొక మనిషిని పెట్టి, పక్కన కూర్చుని చెప్పేవాడు. అమన్ ఎడమ చెవి ఇక వినిపించలేదు.

చాలా రోజులు అమన్ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆపా, ముందు జనరేటర్ వెయ్యాలి, తర్వాతే ఫోను. ఫోను పలక్కపోయినా ఏం కాకూడదు. మొదట్నుంచీ అలాగే రాయాల్సింది," అన్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గట్టిగా అన్నాడు. ఒక చెవి లేనందువల్ల తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియడం లేదు.

"రాయి," అంది అన్వరీ.

డిస్ట్రిబ్యూషన్ వాళ్ళు ఆమెని మళ్ళీ రమ్మన్నారు. కొత్త సంతకం తీసుకోమన్నారు. ఏడాది దాకా ఆమె తీసుకోలేదు. అప్పటిదాకా ఎక్కడో పోలండ్‌లో ఉన్న ఒకాయన ఒకటి పాయింట్ రెండును కనిపెట్టుకుని ఉన్నాడు. తీసుకున్నాక ఆమె చేసిన మొదటి పని ప్యాకేజీని రెండుగా విడగొట్టడం. ఒకటి నీటికాపు. రెండోది నీటికాపు-ప్రయోగం. ఒకదాని డిస్కు పెట్టినా రెండోది చెదరకుండా చేసింది.

మరియదాసు అప్పోసప్పో చేసి మళ్ళీ చెరువుల్లో రొయ్యపిల్ల వేశాడు. అడక్కుండానే తన చిన్న చెరువు మీద ప్రయోగం వేసుకుంటానన్నాడు. "పక్కన శౌరమ్మ కూర్చుంటుందిలే. దాన్ని మించిన కాపలా లేదు," అన్నాడు. అమన్‌ని చూసినప్పుడల్లా అతని కుడిపక్కకి వచ్చి నిలబడి మాట్లాడేవాడు. క్షమించమని ఎప్పుడూ అడగలేదు. అమన్ కూడా ఆ ఎదురుచూపు పెట్టుకోలేదు.

నూజివీడు కోర్టులో వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. ఒక వాయిదా రోజు వరండా బెంచీ మీద అన్వరీ కూర్చుని ఉంటే, నాంచారయ్య వచ్చి రెండో చివర కూర్చున్నాడు. ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు వంకరగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి.

అతనే పలకరించాడు. "మీ నాన్నగారి చెయ్యి ఎలా ఉందండీ?"

"రెండు వేళ్ళు మడతపడవు."

"నాకు మూడండి." టీ తాగాడు. "పుల్లయ్యగారు పనిలోంచి తీసేశారు. పార పట్టలేనోడితో ఏం పనన్నారు."

జాలి పడాలో వద్దో అన్వరీకి తెలియలేదు. కానీ ఇన్నాళ్ళుగా తొలుస్తున్న ప్రశ్న నోటిదాకా వచ్చింది.

"సంతకం పెట్టేశాను కదా. వదిలెయ్యమన్నారు కదా. మళ్ళీ ఎందుకు తిప్పావు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "తెలీదండీ. పిడి చేతిలో ఉంది. తిప్పేశాను." కొంచెం ఆగి, "మరి మీరు రెండోసారి ఎందుకు కొట్టారండీ?" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో.

"నాకు తెలుసు," అంది అన్వరీ. "తెలిసే కొట్టాను."

బంట్రోతు పేర్లు పిలిచాడు. ఇద్దరూ లేచారు. ఆరోజు లాయర్లు మాట్లాడుకుని రాజీకి ఒప్పించారు. అందరూ సంతకాలు పెట్టారు. నాంచారయ్య ఎడమచేత్తో పెట్టాడు, చాలాసేపు పట్టింది. జడ్జిగారు తల ఎత్తకుండా ఓపిగ్గా ఆగారు.

ఆమె ఇంటికి వచ్చేసరికి అమన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మరియదాసు దగ్గర రొయ్యలు పట్టడం అయిపోయిందట. చిన్న చెరువులో రొయ్య మంచి సైజు వచ్చిందట. పంట మొత్తంలో ఒక్కసారి కూడా జనరేటర్ ఆలస్యం కాలేదట. చేతిలో డిస్కు ఉంది. దాని మీద ఒకటి పాయింట్ నాలుగు అని రాసి ఉంది.

"ఇప్పుడు స్టేబుల్ అనచ్చా ఆపా?"

అన్వరీ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, డిస్కు తీసుకుని చూసింది.

"ఇది ఎండాకాలం పంట. వానాకాలం పంట కూడా చూద్దాం," అంది.

ఒకప్పుడైతే అమన్ ఇల్లు ఎగరగొట్టేవాడు. ఇప్పుడు తల ఊపి, డిస్కు మీది నాలుగుని కొట్టేసి మూడు అని రాసుకుని, లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.